ఇంగ్లండ్ నుంచి వలస వెళ్లిన కుటుంబం మూలాలు వెతకడం ఎలా: రికార్డులతో సమగ్ర మార్గదర్శి

"మా ముత్తాత ఇంగ్లండ్ నుంచి వచ్చాడట, ఏ ఊరో తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న రెండు రకాల పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది. సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వారసులు కొందరు. వీళ్లలో చాలామంది ఇప్పుడు పెర్త్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటున్నారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇంగ్లిష్ మూలాలున్న ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వెళ్లిన మనవాళ్లు మరికొందరు.

ఇద్దరికీ నా మొదటి మాట ఒకటే. ఇంగ్లండ్ రికార్డులు ముందు తెరవకండి. వలస వెళ్లిన మనిషి ఏ పారిష్‌లో పుట్టాడో (పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు లేదా పేట) అతను దిగిన దేశంలోని కాగితాలే చెప్పాలి. ఆ ఊరి పేరు చేతిలో లేకుండా ఇంగ్లండ్‌లో వెతికితే అదే పేరుతో, అదే వయసుతో పదుల మంది కనిపిస్తారు. వాళ్లలో మనకు నచ్చినవాణ్ని తాతను చేసేసుకుంటాం. అక్కడి నుంచి పైకి కట్టిన వంశవృక్షమంతా వేరే వాళ్లది అవుతుంది.

## 1. ఇంట్లో దొరికేది ముందు సర్దుకోండి

మీ నుంచి మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. మధ్యలో ఒక తరం ఎగిరి దూకకండి. ప్రతి మనిషికీ ఒక పేజీ కేటాయించి, ప్రతి సంగతి పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: "పెద్దమ్మ చెప్పింది", "పెళ్లి సర్టిఫికెట్", "సమాధి మీది రాత". ఈ అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి. తర్వాత రాద్దాంలే అనుకుంటే ఏది విన్నదో ఏది చూసిందో కలగాపులగం అయిపోతుంది.

ఇంట్లో అడిగి చూడాల్సినవి:

☐ ఫ్యామిలీ బైబిల్ (ముందు పేజీల్లో పుట్టిన, పోయిన తేదీలు రాసుకునేవారు)
☐ పాత ఉత్తరాలు, వాటి కవర్ల మీద ఊరి పేర్లు, ముద్రలు
☐ ఫొటోల వెనక రాతలు, స్టూడియో పేరు, ఊరు
☐ సైన్యం పతకాలు (చాలావాటి అంచున పేరు, నంబరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి)
☐ పాత పాస్‌పోర్టులు, రైల్వే సర్వీసు కాగితాలు, పెన్షన్ పుస్తకాలు
☐ పిల్లల మధ్య పేర్లు (తల్లి పుట్టింటి ఇంటిపేరును పిల్లవాడికి మధ్య పేరుగా పెట్టడం మామూలే)

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "మనం ఎక్కడివాళ్లం?" అని అడిగితే "ఇంగ్లండ్" అనే జవాబే వస్తుంది. "క్రిస్మస్‌కి ఉత్తరాలు ఏ ఊరి నుంచి వచ్చేవి?", "తాతయ్య ఏ చర్చికి వెళ్లేవాడు?", "ఆయన చెల్లెళ్ల పేర్లేమిటి?" అని అడగండి. తోబుట్టువుల పేర్లు తర్వాత మీకు పెద్ద సాక్ష్యమవుతాయి.

ఇంకో జాగ్రత్త. "ఇంగ్లిష్ వాళ్లం" అని ఇంట్లో చెప్పుకునే కుటుంబాలు కొన్ని నిజానికి స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి వచ్చినవి. మద్రాసు సైన్యంలోని తెల్ల సిపాయిల్లో ఐరిష్ వాళ్లు చాలామంది ఉండేవారు. ఆ రెండు దేశాల రికార్డుల పద్ధతి వేరు. స్కాట్లండ్‌లో పౌర నమోదు (జననాలు, పెళ్లిళ్లు, మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం) 1855లో మొదలైంది. ఐర్లండ్‌లో 1864లో. పైగా 1922లో డబ్లిన్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి ఐరిష్ రికార్డులు చాలా పోయాయి. ఇంటిపేరు, మతం చూసి అనుమానం వస్తే ఆ దారి కూడా తెరిచి ఉంచండి.

## 2. దిగిన దేశంలో కాగితాలన్నీ పూర్తిగా తిరగేయండి

మీ సమయంలో సగం ఇక్కడే పెట్టండి. వెతకాల్సింది ఒక్క మనిషి కాగితాలే కాదు. అతని భార్య, పిల్లలు, తోబుట్టువులు, ఓడలో వెంట వచ్చినవాళ్లు, పెళ్లికి సాక్షి సంతకం పెట్టినవాళ్లు, అందరివీ చూడాలి. మీ తాతగారి మరణ పత్రంలో "ఇంగ్లండ్" అని మాత్రమే ఉన్నా, ఆయన చెల్లెలి పత్రంలో ఊరి పేరు ఉండవచ్చు.

ఆస్ట్రేలియా: ఇక్కడ దిగినవాళ్ల వారసులకు అదృష్టం ఎక్కువ. విక్టోరియాలో 1853 నుంచి, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 నుంచి పౌర నమోదు ఉంది. అక్కడి మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, ఆ దేశంలో ఎన్నేళ్లున్నదీ, పెళ్లి, పిల్లలు రాసే గడులు ఉంటాయి. ప్రభుత్వ సాయంతో ఓడెక్కి న్యూ సౌత్ వేల్స్ చేరినవాళ్ల జాబితాల్లో సొంత ఊరు, తల్లిదండ్రుల పేర్లు కూడా దొరుకుతాయి. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వారి ట్రోవ్‌లో పాత పేపర్లు ఉచితంగా చదవొచ్చు. సంతాప వార్తలు తప్పక వెతకండి. ఖైదీగా వెళ్లిన మనిషైతే ఒక్కటి గుర్తుంచుకోండి, శిక్ష పడిన కౌంటీ (ఇంగ్లండ్‌లో మన జిల్లా లాంటిది) పుట్టిన కౌంటీ కానక్కర్లేదు.

అమెరికా: 1820 నుంచి ఓడ ప్రయాణికుల జాబితాలున్నాయి. న్యూయార్క్‌లో వలసవాళ్లు దిగిన కేంద్రాలు చూడాలి: 1855 నుంచి కాసిల్ గార్డెన్, 1892 నుంచి ఎల్లిస్ ఐలండ్. 1907 నుంచి జాబితాలో స్వదేశంలోని దగ్గరి బంధువు పేరు, చిరునామా రాసే గడి వచ్చింది. అది దొరికితే సగం పని అయినట్టే. పౌరసత్వ పత్రాలు 1906 సెప్టెంబరు తర్వాతివైతే వివరంగా ఉంటాయి. అంతకు ముందువాటిలో చాలావరకు ఫలానా రాణి ప్రజ అన్న మాట తప్ప ఊరు ఉండదు. ఎల్లిస్ ఐలండ్‌లో ఆఫీసర్లు ఇంటిపేరు మార్చేశారన్న కథ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. వాళ్లు ఓడ బయల్దేరిన చోట రాసిన జాబితానే సరిచూసేవారు. పేరు మారిందంటే మీవాళ్లే తర్వాత మార్చుకుని ఉంటారు. అప్పటి స్థానిక కాగితాలు చూడండి.

కెనడా: 1869 నుంచి 1930ల దాకా తల్లిదండ్రుల తోడు లేకుండా సుమారు లక్షమంది పిల్లలను బ్రిటన్ నుంచి ఇక్కడికి పంపారు. ముత్తాత చిన్నప్పుడే ఒంటరిగా వచ్చాడని ఇంట్లో చెబితే లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వారి ఉచిత డేటాబేస్‌లో ముందు చూడండి.

ఇంగ్లండ్ నుంచి బయటికి వెళ్లిన ఓడల జాబితాలు 1890 నుంచి 1960 వరకు ఉన్నాయి. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటు) వీటి వరుస పేరు బీటీ 27. ఫైండ్‌మైపాస్ట్ అనే చందా వెబ్‌సైటులో చూడొచ్చు. అంతకు ముందు ఓడెక్కినవాళ్లకు బ్రిటన్ వైపు ఇలాంటి జాబితా లేదు కాబట్టి దాని కోసం రోజులు పాడుచేసుకోవద్దు.

## 3. ఇండియాకు వచ్చినవాళ్లయితే

తెలుగు ప్రాంతాలతో సంబంధమున్న కుటుంబాలకు అసలు గని ఇది. ఇక్కడి చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లను ప్రెసిడెన్సీలవారీగా లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. ఎన్/1 బెంగాల్, ఎన్/2 మద్రాసు, ఎన్/3 బొంబాయి. మద్రాసు నమోదులు 1698 నుంచి ఉన్నాయి. వీటి చిత్రాలు ఫైండ్‌మైపాస్ట్‌లో దొరుకుతాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల కోసం పనిచేసే ఫిబిస్ అనే సంస్థ డేటాబేస్‌లో ఉచితంగా వెతకొచ్చు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఊరి పేర్లను ఆనాటి స్పెల్లింగ్‌తో వెతకాలి. మచిలీపట్నం "మసూలిపటం", కాకినాడ "కోకనాడ", విశాఖపట్నం "విజగపటం", విజయవాడ "బెజవాడ", ఏలూరు "ఎల్లోర్", సామర్లకోట "సామల్‌కోట", తిరుమలగిరి "ట్రిమల్గెరీ", కడప "కడ్డపా" అని ఉంటాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ నిజాం రాజ్యంలో ఉన్నా దాని నమోదులు మద్రాసు కిందే చూడాలి.

ప్రాక్టీసుకు మనందరికీ తెలిసిన మనిషిని తీసుకోండి. సి.పి. బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. ఉద్యోగమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే అయినా ఆయన బాప్తిస్మం వెతకాల్సింది ఎన్/2లో కాదు, ఎన్/1లో. చనిపోయింది 1884 డిసెంబరు 12న, లండన్‌లో. అంటే మరణం ఇంగ్లండ్ మరణాల ఇండెక్సులో (మూడు నెలలకొకటిగా ఉండే పేర్ల పట్టిక) 1884 డిసెంబరు త్రైమాసికం కింద చూడాలి. బ్రౌన్ అన్న ఇంటిపేరు ఎంత సాధారణమో వెతికినప్పుడు తెలుస్తుంది. చార్లెస్ ఫిలిప్ అని రెండు పేర్లూ, వయసు 86 అనీ పెడితే జాబితా ఎలా చిన్నదవుతుందో చూడండి.

సిపాయి అయితే ముందు తేల్చాల్సింది అతను ఈస్టిండియా కంపెనీ సైన్యమా, రాజు లేదా రాణి సైన్యమా అన్నది. కంపెనీ సైన్యం కాగితాలు ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉంటాయి. బ్రిటిష్ సైన్యం కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అక్కడ డబ్ల్యూఓ 97 అనే వరుసలో 1760 నుంచి 1913 దాకా పెన్షన్‌పై విడుదలైన సిపాయిల పత్రాలున్నాయి. వాటిలో పుట్టిన పారిష్, చేరేనాటి వయసు, పాత వృత్తి రాసి ఉంటాయి. పారిష్ కోసం వెతికేవాళ్లకు ఇంతకన్నా మంచి కాగితం తక్కువ.

ఇక కష్టమైన విషయం. తల్లి తెలుగు స్త్రీ అయిన పిల్లల పాత బాప్తిస్మాల్లో చాలాచోట్ల తండ్రి పేరు, హోదా ఉంటాయి, తల్లి పేరు ఉండదు. దేశీయ స్త్రీ అని మాత్రమే రాసి వదిలేశారు. కొన్నిచోట్ల ఆమె క్రైస్తవంలోకి మారాక పెట్టిన పేరే ఉంటుంది. ఆమెను వదిలేసి తెల్లతాత వెంట మాత్రమే వెళ్లకండి. ఆమె కూడా మీ పూర్వీకురాలే. ఇండియాలో చనిపోయిన యూరోపియన్ల వీలునామాలు ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎల్/ఏజీ/34/29 అనే వరుసలో ఉన్నాయి. బాప్తిస్మంలో పేరు రాయించనివాళ్లు కొందరు వీలునామాలో ఆమెకు, పిల్లలకు ఇంత డబ్బు అని పేరుతో సహా రాశారు.

లండన్‌కు పంపిన నకళ్లు సంపూర్ణం కావు. కాథలిక్ కుటుంబాలవి మరీ తక్కువ. వాళ్లు సికింద్రాబాద్, విశాఖ వంటి చోట్ల స్థానిక చర్చి రిజిస్టర్లే చూడాలి. ఫాదర్‌ను కలిసేటప్పుడు "పాత రిజిస్టర్లన్నీ చూడాలి" అంటే కుదరదు. పేరు, సుమారు సంవత్సరం రాసిన చీటీ తీసుకెళ్లండి.

1947 తర్వాత ఇండియా నుంచి ఇంగ్లండ్ వెళ్లిపోయిన బంధువులుంటే అక్కడికి వచ్చిన ఓడల జాబితాల్లో (బీటీ 26, 1878 నుంచి 1960) వెతకండి. దిగాక ఉండబోయే చిరునామా వాటిలో ఉంటుంది.

## 4. ఇప్పుడు ఇంగ్లండ్: 1837 తర్వాతి సర్టిఫికెట్లు

ఇంగ్లండ్, వేల్స్‌లలో పౌర నమోదు 1837 జూలై 1న మొదలైంది. ఇండెక్సు మూడేసి నెలలకు ఒకటి: మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు. బిడ్డ పుట్టాక నమోదుకు ఆరు వారాల గడువు ఉండేది. అందుకే నవంబరు చివర పుట్టినవాళ్లు తర్వాతి సంవత్సరం మార్చి ఇండెక్సులో తేలవచ్చు.

వరుస ఇది:

☐ జనరల్ రిజిస్టర్ ఆఫీస్ (జీఆర్‌ఓ) సొంత వెబ్‌సైటులో ఉచిత ఖాతా తెరవండి. జననాల ఇండెక్సులో 1837 నుంచే తల్లి పుట్టింటి ఇంటిపేరు, మరణాల్లో వయసు చూపిస్తుంది.
☐ తల్లి ఇంటిపేరు తెలిస్తే దానితోనే వెతికి తోబుట్టువులందరి జాబితా వేయండి.
☐ పెళ్లిళ్లకు ఫ్రీబీఎండీ అనే ఉచిత సైటు వాడండి. వధూవరులిద్దరికీ ఒకే సంపుటం, ఒకే పేజీ సంఖ్య ఉండాలి.
☐ జిల్లా, సంపుటం, పేజీ రాసుకుని సర్టిఫికెట్‌ను జీఆర్‌ఓ దగ్గరే కొనండి. మధ్యలోని వెబ్‌సైట్లు అదే కాగితానికి ఎక్కువ తీసుకుంటాయి.

ముందు కొనాల్సింది పెళ్లి సర్టిఫికెట్. ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు అందులోనే ఉంటాయి. వయసు గడిలో "నిండు వయసు" అని ఉంటే 21 దాటిందని మాత్రమే అర్థం. దాన్నిబట్టి పుట్టిన సంవత్సరం లెక్కేయకండి.

జనన నమోదు చేయించకపోతే జరిమానా అన్నది 1875 నుంచి గట్టిగా అమలైంది. అంతకు ముందు పుట్టినవాళ్లు ఇండెక్సులో దొరకలేదంటే టెన్షన్ పడొద్దు. బాప్తిస్మం వెతకండి.

## 5. జనాభా లెక్కలు

1841 నుంచి 1921 వరకు పదేళ్లకోసారి తీసిన లెక్కలు చూడొచ్చు. 1931వి 1942లో తగలబడ్డాయి, 1941లో తీయలేదు. ఆ లోటును 1939 సెప్టెంబరు 29న జనం పేర్లు నమోదు చేసిన రిజిస్టర్ కొంత తీరుస్తుంది. 1881 లెక్కలు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితం.

1841 లెక్కలు మిగతావాటిలా ఉండవు. 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును కింది ఐదుకు కుదించి రాయమన్నారు, 38 అయితే 35 అని. బంధుత్వం రాయలేదు, పుట్టిన ఊరు కూడా లేదు. ఇదే కౌంటీయా కాదా అని మాత్రం ఉంటుంది. 1851 నుంచి బంధుత్వం, పుట్టిన పారిష్ ఉంటాయి. కాబట్టి వీలైతే మీ మనిషిని 1851లోగానీ తర్వాతగానీ తల్లిదండ్రుల ఇంట్లో పట్టుకోండి.

## 6. 1837కు ముందు: చర్చి రిజిస్టర్లు

ఇవి 1538లో మొదలయ్యాయి, ఊరూరికీ తేడాగా మిగిలాయి. 1754 నుంచి పెళ్లి నమోదుకు అచ్చు ఫారం, సాక్షుల సంతకాలు వచ్చాయి. అప్పటి నుంచి 1837 దాకా క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖ), యూదులు తప్ప అందరూ ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలి. మీవాళ్లు మెథడిస్టులైనా, కాథలిక్కులైనా పెళ్లి అక్కడే వెతకండి. 1813 నుంచి బాప్తిస్మంలో తండ్రి వృత్తి, నివాసం, ఖననంలో వయసు ఉంటాయి. ఈ వృత్తి గడి చాలా పనికొస్తుంది. ఒకే ఊళ్లో ఇద్దరు జాన్ స్మిత్‌లుంటే కమ్మరి ఎవరో, రైతుకూలీ ఎవరో అదే చెబుతుంది.

తేదీల్లో ఒక చిక్కు ఉంది. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1723 డిసెంబరులో పెళ్లి, 1723 ఫిబ్రవరిలో బిడ్డ బాప్తిస్మం అని కనిపిస్తే తప్పేమీ లేదు. ఆ ఫిబ్రవరి డిసెంబరు తర్వాతే వచ్చింది. మీ నోట్సులో 1723/4 అని రాసుకోండి.

రిజిస్టర్ పోయిన చోట బిషప్‌కు ఏటా పంపిన నకళ్లు ఉండవచ్చు. పారిష్ ఎక్కడుందో, చుట్టుపక్కల ఏమున్నాయో తెలుసుకోవడానికి జెనుకీ అనే వెబ్‌సైటు చూడండి. ఆనాటి మ్యాపులు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైటులో ఇంగ్లండ్‌వి కూడా ఉచితంగా ఉన్నాయి. మీ పారిష్‌లో దొరకకపోతే నడిచి వెళ్లగలిగినంత దూరంలోని పారిష్‌లన్నీ వెతకాలి.

## 7. ఇతనే మనవాడని తేల్చుకోవడం

ఈ దశను దాటేసే వాళ్లే ఎక్కువ. నా దృష్టిలో మిగతా పనంతా దీని కోసమే.

ఉదాహరణకు 1843 ప్రాంతంలో లంకాషైర్‌లో పుట్టి, 1865లో మెల్‌బోర్న్‌లో దిగిన విలియం టర్నర్ అనుకుందాం. ఇలా చేయండి:

☐ 1840 నుంచి 1846 వరకు ఆ కౌంటీలో పుట్టిన విలియం టర్నర్‌లందరినీ ఒక పట్టికలో రాయండి. ఒక్కరినీ వదలొద్దు.
☐ ఒక్కొక్కరి పేరు మరణాల ఇండెక్సులో చూడండి. ఆ రోజుల్లో పసిపిల్లల మరణాలు ఎక్కువ. కొందరు ఇక్కడే తొలగిపోతారు.
☐ మిగిలినవాళ్లను 1871, 1881 లెక్కల్లో వెతకండి. అప్పటికి ఇంగ్లండ్‌లోనే ఉన్నవాడు మెల్‌బోర్న్‌లో ఉన్నవాడు కాడు.
☐ మిగిలిన ఒకరిద్దరి తండ్రి పేరు, వృత్తి, తల్లి పుట్టింటి పేరు మీ దగ్గరున్న పెళ్లి, మరణ పత్రాలతో పోల్చండి.
☐ ఉత్తరాల్లోని తోబుట్టువుల పేర్లు 1851 ఇంట్లో ఉన్నాయా చూడండి.

ఒక్క పేరు, వయసు కలిస్తే సాక్ష్యం కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని కనీసం రెండు కాగితాలు ఒకే మాట చెప్పాలి. వ్యతిరేకంగా చెప్పే కాగితం ఉంటే దానికి కారణం దొరకాలి. ప్రతి బంధం పక్కన "నిశ్చయం", "బహుశా", "ఊహ" అని గుర్తు పెట్టండి. "ఊహ" మీద ఇంకో తరం కట్టకండి.

డీఎన్‌ఏ పరీక్ష ఈ దశలో సాయం చేస్తుంది, కాగితాల పని చేసినవాళ్లకే. మీ జాబితాలో మిగిలిన కుటుంబం వారసులతో డీఎన్‌ఏ కలిస్తే అది గట్టి ఆధారం.

## 8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఒకే స్పెల్లింగ్‌తో వెతకడం. చదువురాని మనిషి పలికినట్టు గుమాస్తా రాశాడు. మొదట్లో హెచ్ శబ్దం పలకనివాళ్ల "హాలమ్" "ఆలమ్" అవుతుంది. వైల్డ్‌కార్డ్ గుర్తులు (తెలియని అక్షరాల బదులు పెట్టే * వంటివి) వాడండి. ఇంటిపేరు తీసేసి పేరు, వయసు, ఊరు మాత్రమే పెట్టి కూడా చూడండి.

ముద్దుపేర్లు తెలియకపోవడం. పాలీ అంటే మేరీ, పెగ్గీ అంటే మార్గరెట్, జాక్ అంటే జాన్, హ్యారీ అంటే హెన్రీ. నెల్లీ ఎలెన్ కావచ్చు, ఎలినార్ కావచ్చు.

ఆన్‌లైన్ వంశవృక్షాలు కాపీ చేయడం. యాభై మంది వృక్షాల్లో ఒకే తండ్రి పేరుంటే అది యాభై సాక్ష్యాలు కావు, ఒకరిది మిగతావాళ్లు కాపీ చేసి ఉంటారు. సూచనగా తీసుకుని అసలు కాగితం వెతకండి.

కుటుంబ చిహ్నం కొనడం. ఇంగ్లండ్‌లో ఇంటిపేరుకు చిహ్నం ఉండదు, ఒక వ్యక్తికి, అతని వారసులకు ఇస్తారు. ఆ డబ్బుతో సర్టిఫికెట్లు కొనుక్కోండి.

చందా ముందే కట్టేయడం. ఉచిత సైట్లలో పని ముగించి, చూడాల్సిన రికార్డుల జాబితా రాసుకుని, అప్పుడు ఒక నెలకు యాన్సెస్ట్రీగానీ ఫైండ్‌మైపాస్ట్‌గానీ తీసుకోండి.

వీలునామాలు మర్చిపోవడం. పేదవాళ్లకు వీలునామా ఏమిటని వదిలేస్తారు. చిన్న రైతులు, వడ్రంగులు, వితంతువులు కూడా రాశారు. 1858 జనవరి నుంచి జాతీయ ప్రొబేట్ క్యాలెండర్ (కోర్టు ధ్రువీకరించిన వీలునామాల జాబితా) ఉంది. అంతకు ముందువి చర్చి కోర్టుల్లో ఉంటాయి. వాటిలో పెద్దదైన క్యాంటర్‌బరీ కోర్టు వీలునామాలు నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉన్నాయి. "అమెరికాలో ఉన్న నా కొడుక్కి" అన్న ఒక్క వాక్యం దొరికితే సముద్రానికి రెండు వైపులా ఉన్న కుటుంబాలు ఒకటని తేలిపోతుంది.

## 9. ఆన్‌లైన్‌లో లేనప్పుడు

ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లు చాలావరకు ఆయా కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి, అన్నీ ఆన్‌లైన్‌కు రాలేదు. ఈమెయిల్ రాసేటప్పుడు కుటుంబ కథంతా చెప్పకండి. ఇవి చాలు:

☐ పూర్తి పేరు, తెలిసిన ఇతర స్పెల్లింగులు
☐ పారిష్, సంవత్సరాల హద్దు (పదేళ్లకు మించకుండా)
☐ ఏ నమోదు కావాలి: బాప్తిస్మం, పెళ్లి, ఖననం
☐ ఇప్పటికే ఏవి వెతికారో
☐ వెతికినందుకు రుసుము ఎంతో చెప్పమని ఒక వాక్యం

టైపు చేసిన సారాంశం పంపుతామంటే పేజీ ఫొటో కూడా అడగండి. మార్జిన్‌లో రాసిన పుట్టిన తేదీ, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుంటే అప్పటి వయసు, తండ్రిగా చెప్పబడే ఫలానా వ్యక్తి అన్న మాట వంటివి సారాంశంలోకి రాకపోవచ్చు. ఫొటో రాగానే ఆఫీసు పేరు, రిజిస్టర్ సంఖ్య, పేజీ, చూసిన తేదీ ఫైలు పేరులోనే రాసి దాచండి.